రహదారి మర్యాద

రహదారి మర్యాద అనగా రహదారిపై వాహనాలు నడిపేవారు, సైకిలు తొక్కేవారు, కాలినడకన పోయేవారు పరస్పరం పాటించే నడవడిక. ఎవరు ముందు వెళ్ళాలి, ఎవరు ఆగాలి, హారన్ ఎప్పుడు మోగించాలి, దారి ఇచ్చినవారికి కృతజ్ఞత ఎలా తెలపాలి, ఎదుటివారి పొరపాటును ఎంతవరకు సహించాలి మొదలైనవన్నీ దీని పరిధిలోకి వస్తాయి. ఇందులో కొంత భాగం చట్టాలలో వ్రాయబడి ఉంటుంది. అధిక భాగం మాత్రం వ్రాతలో లేని ఆచారం. ఈ ఆచారం దేశాన్ని బట్టి, ఒక్కొక్కసారి ఊరిని బట్టి కూడా మారుతుంది. ఒకచోట మర్యాదగా భావించే సంజ్ఞను మరొకచోట బెదిరింపుగా అర్థం చేసుకుంటారు.

ఇది కేవలం సభ్యతకు సంబంధించిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 11.9 లక్షల మంది రహదారి ప్రమాదాల్లో మరణించారు. 5 నుండి 29 సంవత్సరాల వయసు వారి మరణాలకు మొదటి కారణం ఇదే. భారతదేశంలో 2022లో 4,61,312 ప్రమాదాలు నమోదు కాగా 1,68,491 మంది చనిపోయారు. వీరిలో ద్విచక్ర వాహనాలపై వెళ్ళినవారు 74,897 మంది, పాదచారులు 32,825 మంది. ఎదుటి వ్యక్తి ఆగుతాడనుకుంటే ఆగకపోవడం, వెళ్తాడనుకుంటే వెళ్ళకపోవడం ఈ ప్రమాదాలలో చాలావాటి వెనుక కనిపిస్తుంది.

జర్మన్లకు క్రమశిక్షణ ఎక్కువనీ, జపనీయులు వినయశీలురనీ, భారతీయులకు ఓపిక లేదనీ వాడుకలో ఉన్న మాటలు సగం మాత్రమే నిజం. రహదారిపై మనిషి నడవడిక అతని జాతి స్వభావం కంటే ఎక్కువగా ఇతరులు ఎలా ప్రవర్తిస్తారని అతను అనుకుంటున్నాడో దానిపై ఆధారపడి ఉంటుంది. ఆ అంచనా మారితే నడవడిక కూడా మారుతుంది.

చట్టం, ఆచారం

బ్రిటనులో 1931లో మొదటిసారి వెలువడిన 'హైవే కోడ్' అనే చిన్న పుస్తకం ఈ రెండింటినీ ఒకేచోట చేర్చింది. అందులో 'తప్పనిసరి' అనే అర్థంలో ఉన్న సూత్రాలు చట్టం, మీరితే శిక్ష ఉంటుంది. 'చేయడం ఉచితం' అనే అర్థంలో ఉన్నవి సలహాలు. సలహాను పాటించనంత మాత్రాన శిక్ష పడదు కానీ ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత ఎవరిదో తేల్చడానికి న్యాయస్థానం ఆ సలహాలను కూడా పరిగణనలోకి తీసుకోవచ్చు. జర్మనీ రహదారి నియమావళిలో మొట్టమొదటి సూత్రమే మర్యాద గురించి ఉంది. రహదారిని వాడుకునే ప్రతివారూ నిరంతరం జాగరూకతతో, పరస్పర గౌరవంతో మెలగాలన్నది దాని సారాంశం. వేగ పరిమితులు, దారి హక్కులు మొదలైనవన్నీ దాని తరువాతే వస్తాయి.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం అమలులో ఉంది. దాని క్రింద 1989లో చేసిన రహదారి నియమాల స్థానంలో 2017లో కొత్త చోదన నియమాలు వచ్చాయి. నియమాలకు కొరత లేదు. అయితే లైసెన్సు పొందేటప్పుడు అభ్యర్థి ఎదుర్కొనే పరీక్ష గుర్తులను గుర్తుపట్టడం, ద్విచక్ర వాహనమైతే '8' ఆకారంలో, కారు అయితే 'హెచ్' ఆకారంలో నడిపి చూపడం వరకే సాగుతుంది. ఖాళీ మైదానంలో బండిని అదుపు చేయగలడా లేదా అన్నది దీనివలన తెలుస్తుంది. నాలుగు రోడ్ల కూడలిలో పదిమంది మధ్య ఎలా మెలగుతాడో తెలియదు. అది అతడు రోడ్డు మీదికి వచ్చాక, అక్కడ ఉన్నవారిని చూసి నేర్చుకుంటాడు.

హారన్

ఇతర దేశాల నుండి వచ్చినవారిని భారతదేశపు రోడ్లపై అన్నిటికంటే ముందు ఆశ్చర్యపరిచేది హారన్. ఇక్కడ దాని అర్థం 'నేను వస్తున్నాను' అని మాత్రమే. వెనుక అద్దాలు లేని, ఉన్నా సరిగా కనిపించని రోజుల్లో, రెండు బండ్లు పట్టని ఇరుకు రోడ్డుపై, మలుపు తిరిగే ఘాట్ రోడ్డుపై ఆ సమాచారం ప్రాణాలు కాపాడేది. లారీల వెనుక రంగురంగుల అక్షరాలతో కనిపించే 'హారన్ ఓకే ప్లీజ్', 'సౌండ్ హారన్' అనే వ్రాతలు వెనుకవారిని మోగించమని కోరుతున్నవే.

బ్రిటను, జర్మనీ, జపాను వంటి దేశాలలో హారన్‌కు ఉన్నవి రెండే అర్థాలు. చట్టం ఒప్పుకునేది ప్రమాద హెచ్చరిక, చట్టం ఒప్పుకోకపోయినా జనం వాడేది కోపం. కాబట్టి లండనులో కొత్తగా కారు నడుపుతున్న తెలుగువాడు 'పక్కనే ఉన్నాను సుమా' అనే ఉద్దేశంతో మెల్లగా మోగిస్తే ముందువాడు తనను తిట్టాడనుకుంటాడు. అలాగే లండను నుండి హైదరాబాదుకు వచ్చిన వ్యక్తి అమీర్‌పేట కూడలిలో నిలబడితే తనను వందమంది తిడుతున్నట్లు కంగారుపడతాడు. నిజానికి అక్కడ ఎవరికీ ఎవరిమీదా కోపం ఉండకపోవచ్చు.

బ్రిటనులో ఆగి ఉన్న వాహనంలో హారన్ మోగించరాదు. జనావాసాలలో రాత్రి 11:30 నుండి ఉదయం 7 గంటల వరకు కదులుతున్న వాహనంలో కూడా మోగించరాదు. మరొక వాహనం వలన ప్రమాదం ఏర్పడినప్పుడు మాత్రం మినహాయింపు ఉంది. జర్మనీలో ప్రమాదం ఉన్నప్పుడు, ఊరి బయట దాటి వెళ్ళబోతున్నానని తెలపడానికి తప్ప హారన్ వాడకూడదు. జపానులో మలుపులున్న కొన్ని కొండదారులపై 'హారన్ మోగించండి' అనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్నచోట, ప్రమాదం తప్పించడానికి తప్ప వేరేచోట మోగించడం నేరం. అమెరికాలోని న్యూయార్కు నగరంలో 'హారన్ మోగిస్తే 350 డాలర్ల జరిమానా' అని చాలాకాలం బోర్డులు ఉండేవి. వాటివలన ప్రయోజనం కనబడక 2013లో నగరపాలకులు వాటిని తొలగించారు. నియమం మాత్రం రద్దు కాలేదు.

భారతదేశంలో కూడా చట్టం మౌనంగా లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అటువంటి చోట్ల, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాలలోను అత్యవసరమైతే తప్ప హారన్ మోగించరాదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనవసరంగా హారన్ మోగిస్తే మొదటిసారి 1,000 రూపాయలు, మళ్ళీ చేస్తే 2,000 రూపాయలు జరిమానా. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో లారీల వెనుక 'హారన్ ఓకే ప్లీజ్' అని వ్రాయడాన్ని నిషేధించింది. ముంబై పోలీసులు 2020 ఆరంభంలో వెల్లడించిన ప్రయోగం మరింత చమత్కారమైనది. సిగ్నలు స్తంభాలకు శబ్దమాపకాలను అమర్చి, ఎర్రదీపం వద్ద ఆగినవారి హారన్ల మోత 85 డెసిబెళ్ళు దాటితే ఎర్రదీపం లెక్క మళ్ళీ మొదటినుండి మొదలయ్యేలా చేశారు. ఎంత మోగిస్తే అంతసేపు ఆగాలన్నమాట. 2021లో కేంద్ర రహదారి రవాణా మంత్రి నితిన్ గడ్కరీ హారన్లలో వేణువు, తబలా వంటి భారతీయ వాద్యాల ధ్వని ఉండేలా చూడాలని ప్రతిపాదించారు. ఆరువందల వాహనాలున్న కూడలిలో ఆరువందల వేణువులు ఒకేసారి మోగితే చెవికి ఇంపుగా ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

దీపాల భాష

రాత్రివేళ హెడ్‌లైటును ఒకటి రెండుసార్లు వెలిగించి ఆర్పడం ప్రపంచమంతటా ఉన్న సంజ్ఞ. దాని అర్థం మాత్రం అంతటా ఒకటి కాదు. బ్రిటనులో వాడుక ప్రకారం దీని అర్థం 'మీరు ముందు వెళ్ళండి' అని. భారతదేశంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, 'నేను వస్తున్నాను, నువ్వు ఆగు' అని. ఇరుకు వంతెనకు రెండు వైపుల నుండి వచ్చే వాహనాలలో ముందుగా లైటు వేసినవాడిదే దారి హక్కు. జర్మనీలోని ఆటోబాన్ రహదారిపై వెనుక నుండి లైటు వేస్తే 'పక్కకు తప్పుకో' అని అర్థం. గల్ఫ్ దేశాలలో కూడా ఎక్కువగా అంతే. అమెరికాలో ఎదురుగా వచ్చేవాడు లైటు వేస్తే 'నీ లైట్లు ఎక్కువ కాంతితో ఉన్నాయి, తగ్గించు' అనో, 'ముందు పోలీసులు వేగం కొలుస్తున్నారు' అనో అనుకోవాలి. ఈ రెండో అర్థంలో లైటు వేసినందుకు జరిమానాను ఎదుర్కొన్న వ్యక్తి విషయంలో మిస్సోరీలోని ఫెడరల్ న్యాయమూర్తి 2014లో అది వాక్స్వాతంత్ర్యం క్రిందికి వస్తుందని తీర్పు చెప్పారు.

ఒకే సంజ్ఞకు 'రా' అని, 'రాకు' అని రెండు అర్థాలుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందువలననే బ్రిటనులోని హైవే కోడ్, వాడుక ఎలా ఉన్నప్పటికీ, లైటు వేయడానికి 'నేను ఇక్కడ ఉన్నాను' అనే ఒక్క అర్థాన్నే అంగీకరిస్తుంది.

ఇటువంటి సందిగ్ధమే మన రహదారులపై ఇండికేటర్ల విషయంలో ఉంది. 1989 నియమాలలో వెనుకవారు తనను దాటి వెళ్ళవచ్చునని తెలపడానికి డ్రైవరు కుడిచేతిని బయటకు చాచి ముందుకూ వెనుకకూ ఊపే సంజ్ఞ ఉండేది. ఎడమవైపున క్లీనరు కూర్చున్న లారీలలో ఆ పని అతడు కూడా చేసేవాడు. చేతి సంజ్ఞలు తగ్గి దీపాలు వచ్చాక కొందరు లారీ డ్రైవర్లు 'దాటి వెళ్ళు' అనడానికి కుడి ఇండికేటరు వెలిగించడం మొదలుపెట్టారు. అదే దీపానికి 'నేను కుడివైపు తిరుగుతున్నాను' అనే చట్టబద్ధమైన అర్థం ఎలాగూ ఉంది. వెనుక ఉన్నవాడు ఏది నమ్మాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. ముందు రోడ్డు చీలుతోందా, లారీ వేగం తగ్గిందా అని చూడకుండా దీపాన్ని మాత్రమే నమ్మడం ప్రమాదకరం. కూడలిలో తిన్నగా వెళ్తున్నానని చెప్పడానికి నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించడం కూడా మన దగ్గర పుట్టిన అలవాటే. పక్కనుండి చూసేవాడికి అందులో ఒక్క దీపమే కనిపిస్తుంది కనుక అతడు దీన్ని మలుపు సూచనగా పొరబడతాడు.

ఆ నాలుగు దీపాలకు జపానులో మరొక చక్కని అర్థం ఉంది. ఎవరైనా తనకు దారి ఇచ్చి వరుసలో చేరనిస్తే, చేరినవారు రెండు మూడుసార్లు ఆ దీపాలను వెలిగిస్తారు. అది 'ధన్యవాదాలు' అని చెప్పడం. ఏ చట్టంలోనూ ఇది లేదు, అయినా దేశమంతా తెలుసు. స్కాట్లాండులోని ఒంటిదారి రోడ్లపై వాహనాలు తప్పుకోవడానికి అక్కడక్కడ కొంచెం వెడల్పు చేసిన స్థలాలుంటాయి. అక్కడ ఒకరు ఆగి మరొకరికి దారి ఇస్తే దాటి వెళ్ళే వ్యక్తి స్టీరింగు మీది నుండి చేయి ఎత్తడం ఆనవాయితీ. ఎత్తకుండా పోతే ఆగినవారు నొచ్చుకుంటారు.

దారి ఇచ్చే వరుస

అమెరికాలో సిగ్నలు లేని అనేక కూడళ్ళలో నాలుగు వైపులా 'స్టాప్' గుర్తు ఉంటుంది. ప్రతి వాహనం పూర్తిగా ఆగాలి. ముందు వచ్చి ఆగినవారు ముందు వెళ్తారు. ఇద్దరు ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవారిది ముందు. పోలీసు లేడు, దీపం లేదు, అర్ధరాత్రి అయినా ఆగుతారు. ఎవరు ముందు వచ్చారో నలుగురూ గుర్తుపెట్టుకోవడం మీదనే ఈ పద్ధతి నడుస్తుంది. అదే దేశంలోని పిట్స్‌బర్గ్ నగరంలో దీనికి భిన్నమైన ఆచారం ఒకటుంది. పచ్చదీపం వెలగగానే ఎడమవైపు తిరగవలసిన మొదటి కారును ఎదుటి వరుసవారు ముందుగా పోనిస్తారు. చట్టప్రకారం ఎదుటివారిదే హక్కు. ఊరివారికి ఇది మర్యాద, బయటినుండి వచ్చినవారికి ఇది నియమోల్లంఘన.

రెండు వరుసలు ఒకటిగా కలిసేచోట జర్మనీలో ఒక వరుస నుండి ఒకటి, రెండవ వరుస నుండి ఒకటి చొప్పున వాహనాలు జిప్పు పళ్ళలాగా కలుస్తాయి. ఇది అక్కడ నియమం కూడా. ఆటోబాన్‌పై వాహనాలు స్తంభించినప్పుడు ఎడమ చివరి వరుసవారు ఎడమకు, మిగిలిన వరుసలవారు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి ఉంచాలి. అంబులెన్సు రాకముందే, వాహనాల వేగం నడక వేగానికి తగ్గగానే ఈ దారి ఏర్పడాలి. అలా చేయనివారికి 2017 నుండి కనీసం 200 యూరోల జరిమానా ఉంది, ఇప్పుడు నెల రోజుల చోదన నిషేధం కూడా ఉంది. మన దేశంలో 2019 సవరణ అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. 2005 ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలయ్యాక ఆ కూత వినగానే పక్కకు జరగాలన్న ఎరుక తెలుగు జిల్లాలలో బాగా పెరిగింది. అయితే జరగడానికి చోటు మిగల్చకుండా ముందే రోడ్డంతా నింపడం వలన, మనసున్నా దారి ఇవ్వలేని స్థితి తరచుగా ఏర్పడుతుంది. జర్మన్ల పద్ధతిలోని కిటుకు ముందే జరగడంలో ఉంది.

పాదచారులు

మర్యాదకు అసలైన పరీక్ష జీబ్రా గీతల వద్ద జరుగుతుంది. ఎందుకంటే అక్కడ బలవంతుడు బలహీనుడి కోసం ఆగాలి.

వినయానికి పేరుపొందిన జపానులో కూడా ఈ పరీక్ష ఫలితం చాలాకాలం బాగాలేదు. గీతల వద్ద పాదచారి దాటబోతుంటే ఆగి తీరాలని అక్కడి చట్టం స్పష్టంగా చెబుతుంది. అయినప్పటికీ జపాన్ ఆటోమొబైల్ సమాఖ్య 2018లో సిగ్నళ్ళు లేని దాటు స్థలాల వద్ద చేసిన సర్వేలో ఆగిన కార్లు 8.6 శాతం మాత్రమే. నాగానో రాష్ట్రంలో మాత్రం అప్పటికే సగానికి పైగా ఆగేవారు. సమాఖ్య ఏటా రాష్ట్రాలవారీ ఫలితాలను ప్రకటించడం, పత్రికలు వెనుకబడిన రాష్ట్రాల పేర్లు వ్రాయడం, పోలీసులు తనిఖీలు పెంచడం మొదలైన తరువాత 2023 నాటికి దేశ సగటు 45.1 శాతానికి చేరింది. అయిదేళ్ళలో జపనీయుల స్వభావం మారిపోలేదు. ఇతరులు కూడా ఆగుతారనే నమ్మకం, ఆగకపోతే చిన్నబోతామనే భావం పెరిగాయి.

బ్రిటనులో 2022 జనవరిలో హైవే కోడ్‌ను సవరించి, ఎక్కువ హాని చేయగలవారిపై ఎక్కువ బాధ్యత అనే సూత్రాన్ని చేర్చారు. లారీకి కారు కంటే, కారుకు సైకిలు కంటే, సైకిలుకు నడిచేవారి కంటే ఎక్కువ బాధ్యత. మలుపు వద్ద దాటడానికి వేచి ఉన్న పాదచారికి కూడా మలుపు తిరిగే వాహనం దారి ఇవ్వాలి. నెదర్లాండ్స్‌లో మోటారు వాహనం సైకిలునో పాదచారినో ఢీకొంటే నష్టపరిహారపు బాధ్యత ప్రధానంగా వాహనదారుపైనే ఉంటుంది. జర్మనీలో నడిచేవారిపై కూడా బాధ్యత ఉంది. వాహనం ఒక్కటీ లేకపోయినా ఎర్రదీపం ఉంటే జనం ఆగుతారు. కొన్ని కూడళ్ళలో 'పిల్లలకు ఆదర్శంగా ఉండండి, పచ్చదీపం ఉన్నప్పుడే దాటండి' అనే బోర్డులు కనిపిస్తాయి.

వియత్నాం రాజధాని హనోయ్‌లో పద్ధతి పూర్తిగా వేరు. ద్విచక్ర వాహనాల ప్రవాహం ఆగదు. దాటేవారు పరుగెత్తకుండా, వెనుకాడకుండా ఒకే వేగంతో నడుస్తూ పోవాలి, వాహనాలే వారి చుట్టూ తిరిగి పోతాయి. మధ్యలో ఉన్నట్టుండి ఆగడం అన్నిటికంటే పెద్ద తప్పు. హైదరాబాదు, విజయవాడలలో దాటేవారు చేయి అడ్డంగా చాచి వాహనాలను ఆపుతూ నడవడం దీనికి దగ్గరి పద్ధతి. ఇది చురుకైనవారికి సాధ్యమే. వృద్ధులు, బడిపిల్లలు, కంటిచూపు తక్కువైనవారు మాత్రం ఎవరైనా తోడు దొరికేవరకు రోడ్డుకు ఇవతలే నిలబడిపోతారు.

విద్యార్థులు గమనించవలసిన విషయం మరొకటుంది. 'ఎడమవైపు నడవండి' అని మన బడులలో తరతరాలుగా చెబుతూ వచ్చాము. వాహనాలు ఎడమవైపు నడిచే బ్రిటనులోనే, కాలిబాట లేని రోడ్డుపై నడిచేవారు కుడివైపు నడవాలని హైవే కోడ్ చెబుతుంది. అప్పుడు దగ్గరి వరుసలో వచ్చే వాహనం వెనుక నుండి కాక ఎదురుగా, కళ్ళకు కనిపిస్తూ వస్తుంది.

సహనం, కోపం

క్రమం ఎక్కువగా ఉన్న దేశాలలో సహనం కూడా ఎక్కువగా ఉంటుందని అనుకోవడం పొరపాటు. అక్కడ ప్రతివారికీ తమ వంతు ఏమిటో తెలుసు గనుక దాన్ని ఎవరైనా మీరితే కోపం త్వరగా వస్తుంది. జర్మనీలో మరొక డ్రైవరు వైపు చూస్తూ నుదుటిపై వేలితో కొట్టి చూపడం, మధ్యవేలు చూపడం అవమానం క్రింద శిక్షార్హమైన నేరాలు. వెనుకనే అంటుకుని నడుపుతూ పదేపదే లైట్లు వేసి బెదిరిస్తే బలవంతం చేసిన నేరం క్రిందికి రావచ్చు. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో కూడా అసభ్య సంజ్ఞలు నేరమే. వెనుక అంటుకుని నడిపితే 400 దిర్హముల జరిమానా విధిస్తారు.

జపానులో కొత్తగా లైసెన్సు పొందినవారు 1972 నుండి, వృద్ధ డ్రైవర్లు 1997 నుండి కారుపై ప్రత్యేక గుర్తు అతికించుకునే ఏర్పాటు ఉంది. ఆ గుర్తు ఉన్న కారుకు అడ్డంగా దూరడం నేరం. ఇంత శ్రద్ధ ఉన్న దేశంలోనే 2017 జూన్‌లో టోమేయ్ ఎక్స్‌ప్రెస్ రహదారిపై ఒక డ్రైవరు కోపంతో మరొక కుటుంబం వాహనాన్ని వెంబడించి, దారి మధ్యలో బలవంతంగా ఆపించగా, వెనుక నుండి వచ్చిన లారీ ఢీకొని దంపతులిద్దరు పిల్లల ఎదుటే మరణించారు. ఆ ఘటన దేశాన్ని కలచివేసింది. ఇతరుల వాహనాలను ఉద్దేశపూర్వకంగా అడ్డగించి వేధించడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొంటూ చేసిన చట్ట సవరణ 2020 జూన్ 30న అమలులోకి వచ్చింది. తీవ్రమైన సందర్భాలలో అయిదేళ్ళ వరకు జైలు శిక్ష విధించవచ్చు.

తెలుగు ప్రాంతాలలో దీనికి వ్యతిరేక చిత్రం కనిపిస్తుంది. వరుస తప్పడం, ఎదురుగా రావడం, ఎడమవైపు నుండి దూరిపోవడం నిత్యకృత్యాలు. వాటిని చాలామంది సహిస్తారు, రేపు తామూ అదే చేయవలసి రావచ్చు గనుక. రెండు బండ్లు స్వల్పంగా రాసుకుంటే క్షణాల్లో జనం చేరతారు. 'కళ్ళు కనపడటం లేదా' అని మొదలైన మాట, మధ్యలో ఎవరో పెద్దమనిషి కలుగజేసుకుని 'పోనీలే అన్నా, ఎవరికీ దెబ్బ తగలలేదు కదా' అనేసరికి చల్లబడుతుంది. అక్కరలేదనుకుంటే కేసూ లేదు, బీమా కాగితమూ లేదు. అమెరికాలో అయితే అంత చిన్న గీతకు కూడా ఇరువురూ ఫోటోలు తీసుకుని, బీమా వివరాలు మార్చుకుని, ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా వెళ్ళిపోతారు. అన్నా, తమ్ముడూ, బాబాయ్ అనే పిలుపులు మన రోడ్డుపై చేసే పని అక్కడ బీమా కంపెనీ చేస్తుంది.

పెళ్ళి ఊరేగింపు, వినాయక నిమజ్జనం, జాతర, గొర్రెల మంద, ఎద్దుల బండి వస్తే బస్సు డ్రైవరు ఇంజను ఆపి కూర్చోవడం కూడా ఈ సహనంలో భాగమే. కోతల కాలంలో పల్లెల మీదుగా పోయే రోడ్లపై సగం మేర వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పేరుస్తారు, రాత్రికి కుప్పచేసి పట్టా కప్పుతారు. కల్లం లేని రైతుకు వేరే దారి లేదని తెలిసి వాహనదారులు మిగిలిన సగంలోనే సర్దుకుంటారు. ఇది మెచ్చుకోదగిన సహనమే కానీ చీకట్లో ఆ రాళ్ళు, నల్లటి పట్టా కనిపించక ద్విచక్ర వాహనదారులు చనిపోయిన ఘటనలు ప్రతి ఏటా పత్రికలలో వస్తూనే ఉన్నాయి. ఈ సహనానికి మూల్యం చెల్లిస్తున్నది దాన్ని చూపినవారే.

విదేశాలలో తెలుగువారు

అమెరికా వెళ్ళిన తెలుగువారు లైసెన్సు పరీక్షలో తరచుగా తప్పేది 'స్టాప్' గుర్తు వద్ద. బండి వేగం తగ్గించి, ఇరువైపులా చూసి, ఎవరూ లేరని ముందుకు పోతారు. చక్రాలు పూర్తిగా ఆగలేదు గనుక పరీక్ష పోతుంది. బడి బస్సు విషయం మరింత ముఖ్యమైనది. పిల్లలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ పసుపుపచ్చ బస్సు ఎర్రదీపాలు వెలిగించి 'స్టాప్' పలకను చాపుతుంది. మధ్యలో విభాజకం లేని రోడ్డు అయితే ఎదురుగా వచ్చే వాహనాలు కూడా ఆగాలి. భారతదేశంలో ఆగిన బస్సును దాటిపోవడం అలవాటైనవారికి ఇది వెంటనే తట్టదు.

అయినా ఒకటి రెండు నెలల్లో అలవాటు పడతారు. స్వదేశంలో ఏనాడూ జీబ్రా గీతల వద్ద ఆగని వ్యక్తి డల్లాసులో నిర్మానుష్యమైన కూడలిలో రాత్రి పన్నెండింటికి ఆగుతాడు. సెలవులకు వచ్చి విమానాశ్రయం నుండి కారు తీసిన వారం లోపలే మళ్ళీ హారన్ మీద చేయి వేస్తాడు. ఇక్కడ ఎవరికోసమైనా ఆగితే వెనుకవాడు వచ్చి తగులుతాడన్న భయం కూడా ఇందులో ఉంది, అది నిరాధారమైనది కాదు. మంచినీళ్ళ బావి దగ్గర వరుస లాంటిదే ఇది, ఒక్కరే నిలబడితే వరుస కాదు.

ఆచారం మారిన చోట్లు

కొలంబియా రాజధాని బొగోటాకు 1995లో అంటానాస్ మోకుస్ మేయరు అయ్యాడు. గణితం, తత్త్వశాస్త్రం చదివిన ఆచార్యుడాయన. జరిమానా కంటే నలుగురిలో నవ్వులపాలు కావడానికే జనం ఎక్కువ భయపడతారని గ్రహించి, ముఖానికి తెల్లరంగు పూసుకున్న మూకాభినయ కళాకారులను కూడళ్ళలో నిలబెట్టాడు. గీత దాటి ఆగిన కారును వారు మాటలేకుండా ఎగతాళి చేసేవారు, పాదచారికి దారి ఇచ్చినవారికి వంగి నమస్కరించేవారు. మొదట 20 మందితో మొదలైన ఈ దళం తరువాత 400 దాటింది. నగరపాలక సంస్థ 3,50,000 అట్టముక్కలు పంచింది. ఒకవైపు బొటనవేలు పైకి, మరొకవైపు క్రిందికి ఉన్న బొమ్మలు. పౌరులు తోటి డ్రైవరు నడవడికను బట్టి ఏదో ఒక వైపు చూపేవారు, తిట్టవలసిన అవసరం తప్పింది. పాదచారులు చనిపోయిన స్థలాలలో రోడ్డుపై నక్షత్రాలు గీయించారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు మద్యశాలలు మూయించడం వంటి చర్యలు కూడా తోడయ్యాయి. తరువాతి ఏళ్ళలో నగరంలో రహదారి మరణాలు ఏడాదికి సుమారు 1,300 నుండి 600కు తగ్గాయి. ఏ చర్య వలన ఎంత తగ్గిందో విడదీసి చెప్పడం కష్టం.

నెదర్లాండ్స్‌లో హాన్స్ మాండర్మన్ (1945–2008) అనే ఇంజనీరు ఇంకొక దారి పట్టాడు. డ్రాఖ్టెన్ పట్టణంలో రద్దీగా ఉండే కూడలి నుండి సిగ్నళ్ళను, చాలా గుర్తులను తీసివేయించాడు. దీపాన్ని చూసే బదులు డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెల్లగా కదలడం మొదలుపెట్టారు. చూడటానికి వచ్చినవారి ముందు ఆయన వెనక్కి తిరిగి నడుస్తూ ఆ వాహనాల మధ్యకు వెళ్ళి చూపేవాడు. భూటాన్ రాజధాని థింఫూలో ఒకప్పుడు సిగ్నలు దీపం పెట్టి, అది మనిషితనం లేనిదిగా ఉందని జనం అనడంతో తీసివేశారు, పోలీసు చేతి సంజ్ఞలనే కొనసాగించారు. మాండర్మన్ పద్ధతికి విమర్శలు కూడా ఉన్నాయి. ఎదుటివారి కళ్ళలోకి చూసి దాటాలంటే అంధుల సంగతేమిటి అన్నది వాటిలో ముఖ్యమైనది. ఈ కారణంగానే బ్రిటను ప్రభుత్వం 2018లో అటువంటి కొత్త నిర్మాణాలను నిలిపి ఉంచమని స్థానిక సంస్థలకు సూచించింది.

నేపాల్ రాజధాని ఖాట్మండులో 2017 ఏప్రిల్‌లో, వారి సంవత్సరాదినాడు, అనవసర హారన్ నిషేధం అమలులోకి వచ్చింది. మన రోడ్ల వంటి రోడ్లు, మన వాహనాల వంటి వాహనాలే ఉన్న ఆ నగరంలో మోత వెంటనే గుర్తించదగినంతగా తగ్గింది.

భారతదేశంలోనే ఉన్న ఉదాహరణ మిజోరం రాజధాని ఐజ్వాల్. కొండల మీద కట్టిన ఈ నగరంలో వీధులు చాలా ఇరుకు, వాహనాలు ఎక్కువ. అయినా హారన్ మోత వినబడదు. కార్లు ఒక వరుసలో, ద్విచక్ర వాహనాలు వాటి పక్కన వేరే వరుసలో నిలుస్తాయి. ఎదురు వరుస ఎంత ఖాళీగా ఉన్నా అందులోకి ఎవరూ దూరరు. 2022లో అటువంటి దృశ్యం ఫోటో దేశమంతటా ప్రచారం పొందింది. దీనికి కారణం అడిగితే మిజోలు తమ సంప్రదాయంలోని 'త్లామ్‌ఙైహ్నా' గురించి చెబుతారు. తన సౌకర్యం కంటే ఇతరుల సౌకర్యాన్ని ముందుంచడం అని దాని భావం. ఇరుకైన కొండదారిలో ఒక్కరు వరుస తప్పితే రెండు వైపులా మొత్తం నిలిచిపోతుందన్న అనుభవం కూడా తోడైంది. అక్కడ వర్తించేవి కూడా మన జిల్లాలలో ఉన్న 1988 నాటి చట్టం, 2017 నాటి నియమాలే.